పెరట్లో చేసిన చక్కెర పరీక్ష

నర్సు పనిలో చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మీ కాలం సంగతులు చెప్పండమ్మా" అని అడుగుతారు. నవ్వుకోవడానికి పనికొచ్చేవి నాలుగు చెప్పి, కాఫీ ఇచ్చి పంపేస్తుంటాను. నవ్వు రానివి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి కుర్చీకి అతుక్కుపోయాను గనుక, వాటిలో ఒకటి రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొరసాని నన్ను మెచ్చుకుంది లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరికీ అక్కర్లేదు.

ఇది చదివి మీకు ఉత్సాహం వస్తుందని నేను మాట ఇవ్వలేను. నాకైతే ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

నీలం మందు

ఇప్పుడు వేలి కొన మీద చిన్న పోటు పొడిచి, ఒక చుక్క నెత్తురుతో చక్కెర ఎంతుందో ఇంట్లోనే చూసుకునే సాధనం వచ్చిందట. నేను చిత్తూరు ఆసుపత్రిలో చేరేటప్పటికి యుద్ధం నడుస్తోంది. నెత్తురులో చక్కెర చూడాలంటే మద్రాసు పోవాలి. మాకు ఉన్నదల్లా మూత్రం, ఒక గాజు గొట్టం, ఒక సీసాడు నీలం మందు. గొట్టంలో కాస్త నీలం మందు పోసి, అందులో కొన్ని చుక్కలు మూత్రం వేసి, మరుగుతున్న నీళ్ళలో నిలబెట్టాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, బాగా ముదిరితే ఇటుక రంగు.

మా పెద్ద డాక్టరు గారు ఈ పని రోగుల ఇళ్ళల్లోనే జరగాలని పట్టుబట్టారు. పొద్దున్నే పరగడుపున ఆసుపత్రికి వచ్చి సీసాలో పోసి ఇస్తే అందులో ఏమీ తెలియదు, అన్నం తిన్న రెండు గంటలకు చూస్తేనే ఒంట్లో చక్కెర సంగతి బయటపడుతుంది అనేవారు. ఆ మాట అక్షరాలా నిజం. అందుకని మందూ గొట్టమూ రోగులకే ఇచ్చి, ఎట్లా చేయాలో చూపించి పంపేవాళ్ళం. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక చూడమనీ, రంగు ఏమొచ్చిందో వచ్చి చెప్పమనీ ఆజ్ఞ.

చూపించి పంపితే సరిపోతుందని మేమనుకున్నాం. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల ఆసామి ఒకడు నెల తిరిగేసరికి వెలిగిపోయే మొహంతో వచ్చాడు.

"నీలమే నర్సమ్మా. నెలంతా నీలమే. ఒక్క దినం కూడా తప్పలేదు" అన్నాడు.

అతని నోరు ఎండిపోయి పెదాలు పగిలి ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది.

"కాచినావా అప్పా?"

"కాయాల్నా?" అన్నాడు ఆశ్చర్యపోయి. "నీలంగా ఉండేదాన్ని కాచి యాల చెడగొట్టుకోవల్ల?"

ఆ రోజు వార్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మళ్ళీ అతని చేత నా ఎదుటే కాయించి, ఇటుక రంగు చూపించి, తిట్టి పంపించాను. అతను పదికాలాలు బతికాడు. ఇళ్ళల్లో జరిగే పొరపాట్లన్నీ ఇట్లాగే ఉంటాయనీ, మనం వెళ్ళి నాలుగు కేకలేస్తే సర్దుకుంటాయనీ నేను అనుకోవడం అతని వల్లనే మొదలైంది.

పంచుకోవాల్సిన మందు

పెద్ద డాక్టరు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కోపిష్టి. నర్సులను పేరు పెట్టి పిలవడం ఎరగడు, "ఏమ్మా, నువ్వు" అనడమే. అయితే రోగి దగ్గర పైసా ఆశించేవాడు కాదు, కలెక్టరు బంధువైనా కూలివాడైనా ఒకే బల్ల మీద కూర్చోబెట్టేవాడు. ఆయన చెడ్డవాడై ఉంటే ఈ కథ నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు, ఆయన్ని తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఇన్సులిన్ ఓడల్లో రావాలి. యుద్ధం మూలంగా ఓడలు రావడం తగ్గిపోయింది. మద్రాసు నుంచి మాకు దొరికేదే అంతంతమాత్రం. అడిగిన వాళ్ళందరికీ ఇవ్వడానికి లేదు. అందుకని డాక్టరు గారు ఒక పద్ధతి పెట్టారు. ఇంట్లో తిన్నాక చేసిన పరీక్షలో ఎవరికి నీలం వస్తూ ఉంటే వాళ్ళకు సూది తగ్గించడం, ఇంకా నీలమే వస్తే ఆపేయడం, ఆ మందును ఇటుక రంగు వచ్చేవాళ్ళకు మళ్ళించడం. ఇంతకంటే న్యాయమైన పద్ధతి నాకు ఈ రోజుకీ తోచదు.

సుబ్బరామయ్య గారు ఆ రోజుల్లోనే మా దగ్గరికి వచ్చారు. ఊళ్ళోనే కాపురం. తన ఇంటి తిన్నె మీద కూర్చుని దస్తావేజులు రాసేవారు. నలభై దాటని మనిషి, నిండైన విగ్రహం. కాలి వేలికి పుండు లేచి మానక వచ్చారు. పొద్దున్నే సూది, మితంగా అన్నం, రోజూ మధ్యాహ్నం పరీక్ష అని చెప్పాం. సూది వేయించుకోవడానికి రోజూ నడిచి వచ్చేవారు. పుండు మానింది. నీలం మందు సీసా, గొట్టం ఆయన చేతికే ఇచ్చి, ఎట్లా కాయాలో ఆయనకే నేర్పించాం.

కొన్నాళ్ళకు ఆయన డాక్టరు గారితో చెప్పడం నేను విన్నాను.

"చూసినామండి. నీలమే."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగనే ఉండాది. అప్పుడప్పుడు మధ్యాన్నం పూట కండ్లు తిరగతాయి. చెమటలు పోస్తాయి. చేతులు వణికి కలం పట్టనియ్యదు."

డాక్టరు గారి మొహం విప్పారింది. నీలం రావడం, దానికి తోడు చెమటలూ వణుకూ రావడం అంటే మందు ఎక్కువవుతోందని అర్థం. పుస్తకంలో ఉన్నట్టే ఉంది. సూది సగానికి తగ్గించారు. మరుసటి నెల కూడా నీలమే అన్నారాయన. సూది ఆపేశారు. ఆ మందు సత్యవేడు నుంచి వచ్చిన ఒక పదేళ్ళ ఆడపిల్లకు వెళ్ళింది. ఎముకల గూడులా వచ్చిన పిల్ల, సూది పడ్డాక లేచి కూర్చుని రాగిసంగటి అడిగింది. ఆ రోజు డాక్టరు గారు మొదటిసారి మా ఎదుట నవ్వారు.

పెరటి వాకిలి దగ్గర

నాకు ఇళ్ళకు తిరిగే పని కూడా ఉండేది. సుబ్బరామయ్య గారికి ఇచ్చిన సీసా రోజూ వాడితే ఎప్పుడో అయిపోయి ఉండాలి. ఇంకొకటి కావాలని ఆయన రాలేదు. చూసి వద్దామని ఒక మధ్యాహ్నం వెళ్ళాను.

ఆయన తిన్నె మీద కాగితాలు ముందు పెట్టుకుని ఉన్నారు. మనిషి సగమయ్యాడు. చొక్కా వేలాడుతోంది. నేను మాట్లాడుతుండగానే పక్కనున్న కూజా ఎత్తి గటగటా తాగి, కాసేపటికి మళ్ళీ తాగారు.

"ఎండలు గదా నర్సమ్మా" అన్నారు, నేను అడగకుండానే.

నేను క్రైస్తవురాలిని. ఆ ఇంట్లోకి నన్ను రానివ్వరు, ఆ సంగతి నాకూ తెలుసు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాను. సుబ్బరామయ్య గారి భార్య కామాక్షి వంటింటి వెనక వాకిలి దగ్గర నిలబడింది. ఇరవై ఐదు కూడా ఉండవేమో. పిల్లలు లేరు. ఎవరైనా వచ్చి పలకరిస్తే చాలన్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

సీసా ఏదమ్మా అంటే, పెరట్లో మూలనున్న చిన్న కొట్టం చూపించింది. చూరులో దోపి ఉంది. సగం కూడా ఖర్చు కాలేదు.

"దినమ్మూ చూడల్ల అని చెప్పినాము గదమ్మా?"

"దినమ్మూ ఎట్ల చూస్తాను నర్సమ్మా? నేను గదా వండేది."

"మీ ఆయన చూసుకోడా?"

"ఆయనకు అసహ్యం. ఆ గొట్టం ముట్టుకుంటే మళ్ళా తానం చెయ్యల్ల గదా. తిన్నె మీద పత్రాలు రాయించుకునే పార్టీలు కాసుకోని ఉంటారు."

"మరి నువ్వు ఎప్పుడు చూస్తావు?"

కామాక్షి తల దించుకుంది. "బయట ఉన్నప్పుడు" అంది మెల్లగా.

బయట ఉండడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తుందేమో. నెలలో ఆ మూడు రోజులూ ఆడది ఇంట్లోకి రాకూడదు, వంటింటి వైపు చూడకూడదు. ఆ కొట్టంలోనే కూర్చోవాలి, అక్కడే పడుకోవాలి.

లోపలి నుంచి అత్తగారు సీతమ్మ మాట కలిపింది. చూపు ఆనని ముసలావిడ, భర్త పోయి చాలా కాలమైంది. మడి తప్పని మనిషి.

"నేనే చెప్పినాను అట్ల చెయ్యమని. ఆ మూడు దినాలు దానికి వేరే పనేముండాది? ఎట్లాగూ మైలలో ఉంటాది. ఆ మైల పని కూడా అప్పుడే చేసేస్తే, మళ్ళా దినమ్మూ ఇల్లంతా కలుపుకునే పని లేదు. కొట్టం బయట మూడు రాళ్ళు పెట్టించినాను, అక్కడే కాస్తాది."

ఆ ఏర్పాటులో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. పరీక్ష భోజనమైన రెండు గంటలకే చేస్తోంది. చుక్కలు లెక్క పెట్టే వేస్తోంది. చక్కగా మరిగిస్తోంది. నేను తిరిగి పోయేదాన్నే. ఎందుకో ఒక మాట అడిగాను.

"నువ్వు కొట్టంలో ఉంటే వంట ఎవరు చేస్తారు?"

"అత్త చేస్తుంది. పాపం, కండ్లు కనపడవు. ఒంటిపూట తినే మనిషి, తనకు వండుకునే చిన్న గిన్నెలోనే ఇంకో పిడికెడు వేస్తుంది. ఉప్పూ కారం ఉండదు. ఆయన రెండు ముద్దలు తిని లేస్తారు. రాత్రికి పొయ్యి వెలిగించదు. మజ్జిగ తాగి పండుకుంటారు."

ఆ కొట్టం అరుగు మీద కూర్చుని, సీసాను ఇంకోసారి ఎత్తి చూశాను.

నాకేం అర్థమైందో ఆమెకు తెలియదు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది, సంతోషంగా. "నేను లోపలికి వచ్చిన దినం ఆయనకు ఇష్టమైనవన్నీ చేస్తాను. మూడు దినాలు పస్తుండినట్టే గదా. నీలం వచ్చిందని డాక్టరు గారు సూది కూడా నిలిపేసినారు గదా నర్సమ్మా, ఇంక భయం లేదని పాయసం కూడా చేస్తా ఉండాను."

కళ్ళు తిరగడం, చెమటలు పోయడం అన్నీ ఆ మూడు రోజుల్లోవే. పొద్దున సూది పడుతుంది, మధ్యాహ్నం కడుపులో రెండు ముద్దలు ఉంటాయి. మిగతా నెలంతా మూడు పూటలా నిండుగా తిన్న రోజుల్లో ఒక్కసారి కూడా గొట్టం పొయ్యి ఎక్కలేదు. ఆ సంగతి సుబ్బరామయ్య గారు డాక్టరుకు ఎందుకు చెప్పలేదంటారా? పరాయి మగవాడి ముందు, మా ఆడది బయట ఉన్నప్పుడే చూసినామండి అని ఏ మర్యాదస్తుడు చెప్తాడు? "చూసినామండి, నీలమే" అన్నాడు. నిజమే చెప్పాడు.

ఆయన్ని బతిమాలి, అప్పటికప్పుడు ఒక సీసాలో మూత్రం పట్టించి తెచ్చాను. అప్పటికి భోజనమై రెండు గంటలు దాటింది. కొట్టం బయట మూడు రాళ్ళ పొయ్యి నేనే వెలిగించి కాచాను. నీలం ఆకుపచ్చయింది, చూస్తుండగానే పసుపయింది, పసుపులోంచి ఎర్రబడి ఇటుక పొడి కలిపినట్టు చిక్కబడింది. కామాక్షి గడపలోంచి వంగి చూసింది.

"ఈ రంగు ఎప్పుడూ రాలేదే" అంది.

ఎవరి చేతిలోంచి

గొట్టం అట్లాగే పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. డాక్టరు గారు కిటికీ వెలుగులో గొట్టాన్ని చాలాసేపు చూశారు. ఆయన కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు.

"మందు యాడుండాదమ్మా?" అన్నారు. ఆయన మాటలో మా ఊరి యాస నేను విన్నది ఆ ఒక్కసారే. "ఎవరి చేతిలోంచి లాక్కొని ఇయ్యమంటావు? నువ్వే చెప్పు. ఆ సత్యవేడు పిల్ల దగ్గర్నుంచి తీసుకుందామా?"

ఆయనే మద్రాసుకు మనిషిని పంపారు. తనకు తెలిసిన డాక్టర్లందరికీ కబురు పెట్టారు. రేపు మాపు అంటూ వాళ్ళు దాటేశారు. ఈ లోగా అన్నం బాగా తగ్గించమని చెప్పి పంపాం. సుబ్బరామయ్య గారు బుద్ధిమంతుడు, తగ్గించారు. అన్నం మానేసి సంగటి తినమని ఎవరో చెప్తే అదీ తిన్నారు. సంగటికి చక్కెర పెరగదని మా ఆసుపత్రిలో కూడా చాలామంది నమ్మేవాళ్ళు. నేను వారానికోసారి వెళ్ళి భోజనమయ్యాక కాచి చూసేదాన్ని. సంగటి తిన్నా అదే రంగు. అప్పటికి తిండి తగ్గిస్తే లొంగే దశ దాటిపోయింది.

తరువాత వీపు మీద, చక్కెర జబ్బు వాళ్ళకు వచ్చే రాచపుండు లేచింది. జల్లెడలా కన్నాలు పడ్డ పుండు. ఇప్పుడైతే సూదులతో, కోతతో బతికిస్తారు. అప్పుడు కొయ్యాలన్నా చక్కెర తగ్గాలి, చక్కెర తగ్గాలంటే ఇన్సులిన్ రావాలి. ఆయన వార్డులో బోర్లా పడుకుని, మూలుగు బయటికి రాకుండా దిండు కొరుక్కునేవారు. కామాక్షి వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉండేది. నేను బయటికి వచ్చినప్పుడల్లా "మందు వచ్చినాదా?" అని అడిగేది. లేదని చెప్పి చెప్పి, ఒక దశలో నేను వేరే గుమ్మం గుండా తిరగడం మొదలుపెట్టాను. మందు రాలేదు. ఆయన పోయారు. సత్యవేడు పిల్ల కూడా, మందు మరీ కరువైపోయాక, ఇంకో వేసవి చూడలేదు. ఆ మందు ఎవరి దగ్గర ఉన్నా ఇద్దరిలో ఎవరూ మిగిలేవాళ్ళు కాదు.

నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఒక కొత్త నర్సును అకారణంగా తిట్టాను. ఒక్క దొంగ దొరికినా బాగుండేది. అబద్ధం చెప్పినవాడు, లంచం తిన్నవాడు, పని ఎగ్గొట్టినవాడు ఎవరో ఒకడు. ఎంత వెతికినా దొరకలేదు.

మీరు రేపు ఇళ్ళకు వెళ్తారు. రంగు ఏమొచ్చిందని అడిగే ముందు, ఆ రోజు ఏం తిన్నారో, ఎంత తిన్నారో, ఎవరు వండారో, మిగతా రోజుల్లో ఎవరు వండుతారో అడగండి. ఇంట్లో ఆడవాళ్ళను అడగండి, మగవాళ్ళకు తెలియదు. ఇది మీకు చెప్పడం నా విధి గనుక చెబుతున్నాను. దీనివల్ల పెద్దగా ఏదో మారుతుందన్న నమ్మకం నాకు లేదు. మీరు అడగని ప్రశ్న ఇంకొకటి ఎప్పుడూ ఉంటుంది.

పలకరింపు

కర్మలు అయ్యాక కొన్ని వారాలు ఆగి వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే బాగుండేదేమో. పెరట్లో నిలబడి పిలిచాను. సీతమ్మ గారు గోడ పట్టుకుంటూ వాకిలి దాకా వచ్చింది. కొడుకు పోయాక ఆవిడకు గొంతు కూడా పోయినట్టుంది.

"నాకు అప్పుడు తోచలేదమ్మా" అంది. "బయట కూర్చున్న ఆడది మొగుడి నీళ్ళు ముట్టుకోవచ్చునా? పొయ్యి మీద పెట్టి కాయవచ్చునా? ఊరంతా అదే అంటా ఉండారు. దాని మైల తగిలే నా బిడ్డకు ఆయుష్షు తీరిపోయింది. చెయ్యమన్నది నేను, చేసింది అది."

వెనక చీకట్లో కామాక్షి కూర్చుని ఉంది. తెల్లచీర, బోడి నుదురు. అత్త మాటకు ఆమె అడ్డు చెప్పలేదు. ఔను అన్నట్టు తల కూడా ఊపింది. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"అది అబద్ధం" అన్నాను. ఇంటి ముందు వాళ్ళకు వినబడినా సరే అనుకుని గట్టిగానే అన్నాను. "నీ చెయ్యి తగిలినందుకు ఆయన పోలేదు కామాక్షీ. పరీక్ష నువ్వు సరిగ్గానే చేసినావు, ఒక్క చుక్క తప్పు లేదు. ఆ మూడు దినాలు ఆయన ఒంట్లో నిజంగానే చక్కెర లేదు. ఆ మూడు దినాలే ఆయన బాగుండినారు. చూడని దినాల్లో పెరిగింది. తక్కిన నెలంతా అన్నం తిన్నాక పెరుగుతా ఉండింది, అది మనకెవరికీ తెలియలేదు. మైల ఏం చేస్తాది? అది ఆయన్ని ఏమీ చెయ్యలేదు."

సీతమ్మ గారికి అర్థమైందో లేదో తెలియదు. కామాక్షి మాత్రం మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది. ఆమె మొహంలో కాస్త తెరిపి కనిపించింది. ఒక బరువు దించాననుకున్నాను. ఆమె నేను చెప్పినదాన్ని మనసులో తిప్పుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. మెల్లగా ఆ తెరిపి పోవడం కూడా నేను చూశాను.

"తక్కిన దినాలు వండింది నేనే గదా నర్సమ్మా" అంది.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. లోపలికి వెళ్ళిన సీతమ్మ గారు ఆకలేస్తోందని పిలిచింది. కామాక్షి లేచి, చీర చెంగు బిగించుకుని, పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.